ఎడమ గుర్రం

పెళ్లైన కొత్తలో నేనొక గుర్రాన్ని పశువుల ఆసుపత్రికి పంపబోయాను.

కర్నూలు పాత ఊళ్లో, తుంగభద్ర వైపు దిగే సందుల్లో ఒకదాంట్లో మా మామగారి అంగడి ఉండేది. తుపాకులు బాగుచేసే అంగడి. సర్కారు ఇచ్చిన లైసెన్సు అద్దాల చట్రంలో గోడకు వేలాడుతూ ఉండేది లెండి. రాయలసీమ, తుపాకి అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడగానే మీరు కుర్చీ వెనక్కి జరుపుకోనక్కర్లేదు. అక్కడికి వచ్చేవన్నీ ముసలి తుపాకులు. చేలో పడే అడవిపందుల్ని బెదిరించడానికి తాతలు కొన్న రెండు గొట్టాల తుపాకులు. మనవళ్ల కాలానికి అవి గోడల మీద బల్లులకు కాపురాలు కల్పిస్తున్నాయి. వాటిని చేసిన కంపెనీలు సముద్రం అవతల ఎప్పుడో మూతపడ్డాయి. ముక్క విరిగితే కొత్తది పుట్టదు. ప్రాణం పోయిన ఇంకో తుపాకిలోంచి తీసి పెట్టాల్సిందే.

ఆ రోజు మామగారు అన్నానికి లోపలికి వెళ్తూ, కొత్త అల్లుణ్ణని కూడా చూడకుండా నన్ను అంగట్లో కూర్చోబెట్టారు. బద్వేలు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, ముఖాన జిల్లాకు సరిపడా మీసం. చేతిలో ఏమీ లేదు.

"ఏం సామీ, పెద్దాయన లేడా?"

"భోంచేస్తున్నారు. చెప్పండి."

"చెప్పేదేముండాది. మా ఎడమ గుర్రం నిలబడదు. ఎత్తి నిలబెట్టినామంటే రవ్వంతసేపు ఉంటాది, మళ్లా దబీమని పడిపోతాది."

నాకు జోడు గుర్రాల బండి కళ్ల ముందు మెదిలింది. అందులో ఎడమవైపుది, పాపం, బద్వేలు రోడ్డు మీద ముందుకాళ్లు మడిచి కూలబడి ఉంది.

"మేత తింటోందా?" అని అడిగాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నూనె పోస్తాండాం" అన్నాడు.

"వయసెంత?"

"మా తాత కొన్నాడు."

తాత కొన్న గుర్రం! దీన్ని చూడ్డానికి దేశదేశాల నుంచి విమానాలు దిగాలి. "పెద్దాయనా, ఆ వయసులో దాన్ని నిలబెట్టాలనుకోవడమే పాపం. పశువుల ఆసుపత్రి బస్టాండుకు అవతల..." అంటూ చేయి చాచి దారి చూపిస్తున్నాను. లోపలి తలుపు వెనక ఏదో గిన్నె కిందపడింది. దాని వెంటే ఒక నవ్వు.

అది నా భార్య నవ్వు. నేను వినడం అదే మొదటిసారి. పెళ్లిపీటల మీద తలవంచుకున్న మనిషి, ఊరేగింపులో తలవంచుకున్న మనిషి, ఇప్పుడు తలుపు పట్టుకుని వంగి వంగి నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని, బల్ల మీదున్న తుపాకి ఎత్తింది. గొట్టాల వెనక కుందేలు చెవుల్లా రెండు ఇనుప కొక్కేలు నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని బొటనవేలితో వెనక్కి లాగింది. టక్.

"ఇదప్పా గుర్రం. ఉస్తాదులు ఘోడా అంటారు, మనోళ్లు గుర్రం అంటారు. మీట నొక్కితే ఇది ఎగిరి తన్నుతాది, తూటా పేల్తాది. మేత తినదు."

బద్వేలు పెద్దాయన ఆమె వైపు తిరిగి జాలిగా అడిగాడు. "పాపా, ఈ సారు మీ ఇంటి అల్లుడా?"

"అవును మామా. ఈయప్ప గూడా మన ఎడమ గుర్రం మాదిరే. చూసేకి బాగుంటాడు, ఎత్తి పెడితే నిలబడడు."

ఆ క్షణాన నాకు బారసాల జరిగిపోయింది.

ఆ పేరు అంత గట్టిగా అతుక్కోవడానికి కారణం ఉంది. మా ఆవిడ నా అసలు పేరు పలికేది కాదు. మొగుడి పేరు నోట పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆమెకు వాళ్లమ్మ చెప్పి పోయింది. గుండు నిండిన తుపాకిని జొన్నరొట్టె తిప్పినట్టు తిప్పే మనిషి, పోలీసు అధికారులు అంగట్లోకి వస్తే "కాళ్లు తుడుచుకోని రండప్పా" అనే మనిషి, నా పేరు దగ్గర మాత్రం చిన్నపిల్లలా జడిసేది. దురదృష్టం ఏమిటంటే నాది దేవుడి పేరు కూడా. దాంతో మా ఇంట్లో ఆ దేవుడికీ పేరు లేకుండా పోయింది. "ఆ కొండ మీదాయన" అయిపోయాడు. ఆ దేవుడి గుడి ఉన్న వీధికి ఆటో మాట్లాడాలన్నా "ఆ కొండ మీదాయన గుడి వీధికి పోనీ" అనేది. ఆటోవాడు ఇది కొండకు పోయే బేరమని సంబరపడేవాడు. గుళ్లో అర్చనకు పూజారి నా పేరు అడిగితే పక్కనున్న నన్ను వేలితో చూపించేది. అంగడికి నాకోసం ఎవరొచ్చినా ఒకటే జవాబు: "మా ఎడమ గుర్రం కడపకు పోయుండాడు."

నేను కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. వారమంతా అక్కడ ఒక గదిలో, శని ఆదివారాలు కర్నూల్లో. కడప ఎండ సంగతి మీకు చెప్పాలా? అక్కడ సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్గులో పెట్టనక్కర్లేదు, కిటికీలో పెడితే చాలు. కడప కర్నూలు బస్సులో నేను కూర్చున్న కాలమంతా కలిపితే ఒక మనిషి పుట్టి, పెరిగి, రిటైరై, పింఛను కోసం కూడా తిరగొచ్చు.

నా పని గేట్ డ్రైవర్ సర్క్యూట్లు. ఇన్వర్టర్ లాంటి వాటిల్లో పెద్ద కరెంటును తెరిచి మూసే స్విచ్చులుంటాయి. వాటికి గేటు అని ఒక కాలుంటుంది. ఆ గేటును సమయానికి తట్టి లేపే చిన్న సర్క్యూట్ పేరు డ్రైవర్. దాన్ని ముందు కంప్యూటర్లో సిమ్యులేషన్ చేస్తాం. అంటే ఉత్తుత్తి సర్క్యూట్ గీసి, ఉత్తుత్తి కరెంటు పంపి, నిజం ఢాం వినక ముందే ఉత్తుత్తి ఢాం చూసుకోవడం. ఇంత గొప్ప శాస్త్రాన్ని మా వీధి ఏం చేసిందో వినండి. ఎదురింటామె మా ఆవిడను ఆపి అడిగింది.

"మీ ఆయన డ్రైవరంట గదమ్మే. యా బండికి?"

"బండికి గాదక్కా. గేటుకు."

"గేటుకు డ్రైవరు ఏంటికి? వాచ్‌మన్ చాలడా?"

"నేనూ అదే అంటాండా అక్కా. వినడు."

ఆమె గుర్రాలు బాగుచేస్తుంది, ఆయన గేటు నడుపుతాడు. ఇదీ మా దంపతులకు వీధిలో ఉన్న కీర్తి.

మామగారు పోయాక అంగడి ఆమెదే అయింది. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎలక్షన్లు అయ్యాక తిరిగి ఇస్తారు. ఈ మధ్యలో అవి కట్టెల మోపుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉండి, గుర్రాలు రాలి, కమాన్లు అంటే లోపలి స్ప్రింగులు ఊడి, ఒకరి ముక్కలు ఒకరి సంచిలోకి చేరి వచ్చేవి. గెలిచిన వాళ్లు టపాకాయలు కాల్చుకునే వేళకు మా అంగడి ముందు పెళ్లివారి విడిది. డోన్ నుంచి, రాయచోటి నుంచి, బద్వేలు నుంచి, ప్రతివాడి చేతిలో ఒక గుడ్డ మూట, మూటలో తుప్పు.

ఆమె కళ్లు మూసుకుని ముక్కను అరచేతిలో పెట్టుకునేది. గుర్రమైతే దాని అడుగున చదరంగా ఒక రంధ్రం ఉంటుంది, ఇరుసుకు తొడగడానికి. అందులో చిటికెనవేలు పెట్టి తిప్పేది. అంచులు ఎంత వాలుగా ఉన్నాయి, ఆకురాయి ఏ చేతివాటంతో నడిచింది, బొటనవేలు ఆనే చోట గీతలు ఎంత అరిగాయి అని చూసేది. కుడి గుర్రం కుడికి ఒరుగుతుంది, ఎడమది ఎడమకు. ఒకదాని పని ఇంకోటి చేయదు. "ఇది నీది గాదు చిన్నాయనా. రాయచోటాయనది. నీది ఆయన మూటలో ఉంటాది చూడు" అనేది. ఉండేది. నేను ఆశ్చర్యపోతే, "మీ కాలేజీలో పిల్లోళ్లందరికీ ఒగటే యూనిఫారం ఉంటే నువ్వు గుర్తుపట్టవా, ఇదీ అంతే" అనేది. నేను గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఒక గుర్రం మాత్రం ఎవరి మూటకూ చెందలేదు. ఎడమదే, కానీ దాని తుపాకి ఎక్కడుందో, జత ఏమైందో ఆమెకే అంతు పట్టలేదు. దాన్ని తోమి, నూనె రాసి, తెచ్చి నా కంప్యూటర్ మీద పెట్టింది. "దిక్కు లేని ఎడమ గుర్రం. నీ జాతే. సాక్కో" అంది. అప్పటి నుంచి అది నా కాగితాల మీద బరువుగా ఉండేది. దసరాకు ఆయుధపూజ చేస్తే దానికీ కుంకుమ బొట్టు, నా మౌస్‌కూ కుంకుమ బొట్టు. సంక్రాంతి దాకా నా కుడిచేయి ముత్తైదువ చేయిలా ఉండేది.

ఒక ఆదివారం నేను సిమ్యులేషన్ చేస్తుంటే ఉగ్గాని ప్లేటుతో వచ్చి వెనక నిలబడింది. తెర మీద రెండు స్విచ్చులు, ఒకదాని కింద ఒకటి.

"ఇవేంది?"

"నీ గుర్రాలే అనుకో. ఒకటి లేస్తే ఒకటి కూర్చోవాలి. రెండూ ఒక్కసారి లేచాయా, పై కరెంటు సూటిగా కిందికి దూకుతుంది. ఢాం."

"రెండు గొట్టాలు ఒగేసారి పేలినట్ల. భుజం ఊడొస్తాది" అని తల ఊపింది. "మరి ఎట్ల ఆపుతాండావు?"

"ఒకటి పూర్తిగా కూర్చున్నాకే రెండోదాన్ని లేపుతాను. మధ్యలో కొంచెం ఆగుతాను. సెకండును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. దాన్ని డెడ్ టైం అంటారు."

"డెడ్ అంటే చచ్చింది గదా? ఇంట్లో ఆ మాటేంది అబ్బా. మౌనం అను."

నేను కాలేజీలో కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టాను. "మౌనం తగ్గిస్తే స్విచ్చు మాడుతుంది" అంటే పిల్లలు రాసుకునేవారు. ఇంట్లో అది ఇంకా బాగా పనికొచ్చింది. మేమిద్దరం ఒక్కసారే అరుచుకోవడం మొదలుపెడితే, ఇద్దర్లో ఎవరికి ముందు గుర్తొస్తే వాళ్లు వేలెత్తి "మౌనం!" అనాలి. ఒకరు పూర్తిగా కూర్చున్నాకే రెండోవారు లేవాలి. ఈ పద్ధతి వల్ల మా ఇంట్లో యుద్ధాలు ఆగాయని అబద్ధం చెప్పను. వంతులవారీగా జరిగేవి.

ఆ తర్వాత వచ్చిన ఎలక్షన్లు అయిపోయిన వేసవిలో, బద్వేలు పెద్దాయన మళ్లీ వచ్చాడు. మీసం తెల్లబడింది, జిల్లా మాత్రం అంతే ఉంది. కాగితంలోంచి ఒక వంగిన ఇనుప ముక్క తీశాడు.

"పాపా, టేషన్లో మా దాన్ని ఏం చేసినారో ఏమో. ఇది ఊడి పడింది. ఇదేందో చూడు."

ఆమె కళ్లు మూసుకుంది. అరచేతిలో తిప్పింది. చాలా సేపు తిప్పింది.

"గరిటె" అంది.

పెద్దాయన గట్టిగా నవ్వాడు. "గరిటె అయితే సంగటి కెలుకుదాం పా!" నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది, తన మాట తనకే వింతగా తోచినట్టు. కళ్లు తెరిచి దాన్ని మళ్లీ చూసింది. పెదవులు కూడదీసుకుంది.

"గరిటె" అంది మళ్లీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముక్క ఆమె కుడిచేతిలోంచి జారి నేల మీద మోగింది. ఆమె ఆ చేతిని వేరెవరిదో అన్నట్టు చూసింది.

పెద్దాయనే ఆటో పిలిచాడు. ఇద్దరం ఆమెను ఎత్తుకుని ఎక్కించాం. దారంతా ఆయన "ఏం కాదు పాపా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

పెద్దాసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ, ఓపిక గల పిల్ల, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మెదడుకు ఎడమవైపు నెత్తురు ఆగింది. ఆమెకు అన్నీ తెలుసు. నాలుక కూడా బాగానే ఉంది. ఆ రెంటికీ నడుమ మాటను అందించే చోటు దెబ్బతింది.

అంటే డ్రైవర్ పోయింది. సిగ్నల్ ఉంది, స్విచ్చు ఉంది, నడుమ తట్టి లేపే సర్క్యూట్ లేదు. నా జన్మంతా గీసిన బొమ్మ. పెళ్లాం వ్యాధి ఇంత సులువుగా ప్రపంచంలో ఏ మొగుడికీ అర్థమై ఉండదు. అర్థమైతే ఏం లాభం? సిమ్యులేషన్లో అయితే కాలిన భాగం మీద నొక్కి, తీసేసి, వేరేది పెట్టి మళ్లీ నడిపిస్తాను.

నాలుగు దినాల తర్వాత డాక్టరమ్మ పరీక్ష పెట్టింది. పెన్ను చూపించింది. "గరిటె." తాళంచెవి. "గరిటె." గడియారం. మా ఆవిడ దాన్ని చూసి, గరిటె అనబోయి, అది కాదని తెలిసి ఆపుకుంది. కళ్లలో నీళ్లు. డాక్టరమ్మ నా భుజం మీద చేయి పెట్టి నెమ్మదిగా అడిగింది. "ఈయన ఎవరమ్మా? ఈయన పేరు చెప్పండి."

ఆమె తల దించుకుంది. ఎడమచేత్తో కొంగు ముఖం మీదికి లాక్కుంది. డాక్టరమ్మ నిట్టూర్చి కాగితం మీద ఏదో రాయబోయింది.

"అమ్మా, దీనికి మార్కులు తగ్గించొద్దు. పెళ్లైన కాడి నుంచి ఆ ప్రశ్నకు ఇదే జవాబు" అన్నాను.

డాక్టరమ్మ నవ్వేసింది. కొంగు చాటున మా ఆవిడ భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నేను తేల్చుకోలేకపోయాను. నాకు మాత్రం ఆ ఒక్క జవాబుతో కొండంత ధైర్యం వచ్చింది. మనిషి లోపల అలాగే ఉంది. మాటలే కదా, వస్తాయి.

ఇంటికొచ్చాక రోజూ వస్తువులు చూపించి పేర్లు పలికించమన్నారు. చెంచా, గ్లాసు, దువ్వెన. ఆమెకు విసుగు. చెంచాను గరిటె అంటే పోనీ చుట్టరికం ఉందనుకోవచ్చు, దువ్వెనను కూడా గరిటె చేస్తే ఎలా? కాలేజీకి సెలవు పెట్టి, అంగట్లోంచి బిస్కెట్ డబ్బాలు తెచ్చి ఆమె మంచం మీద ఒంపాను. మామగారి కాలం నుంచి పోగైన ముక్కలు. ఆమె ముఖం వెలిగింది. ఎడమచేత్తో ఒక్కొక్కటీ తీసి, కళ్లు మూసి తడిమి, దేని డబ్బాలో దాన్ని వేసేసింది. కుడి గుర్రాలు ఒక డబ్బాలో, ఎడమవి ఒక డబ్బాలో, కమాన్లు ఒకదాంట్లో, మీటలు ఒకదాంట్లో. ఒక్కటి తప్పు పోలేదు. చేతికి అన్నీ తెలుసు. నేను ముక్క ఎత్తి "ఇదేంది?" అంటే మాత్రం ఆమె పెదవులు కదిలేవి, గొంతులో ఏదో లేచేది, పడిపోయేది. ఎత్తి నిలబెడితే నిలబడదు.

నేను అడిగిన దానికీ ఆమె ప్రయత్నానికీ మధ్య చాలా సేపు పట్టేది. నేను తొందరపెట్టకూడదు. వేలెత్తి "మౌనం" అనేవాణ్ణి. ఆమె తల ఊపేది. సెకండులో పది లక్షలవ వంతుతో బతికిన వాణ్ణి, ఆ మంచం పక్కన కూర్చుని, ఒక్కో మాట కోసం వీధిలో పాలవాడు వచ్చి, బేరమాడి, పోయేదాకా ఎదురుచూసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే ఒక కమాను ఎత్తి చూపించాను. చాలా సేపు మౌనం. వీధిలో ఎవరో సైకిల్ గంట మోగించారు. ఆమె గొంతు సవరించుకుంది. స్పష్టంగా, ఒక్క అక్షరం తొణక్కుండా, ఒక మాట పలికింది.

నా పేరు.

నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. ముక్క అక్కడే పడేసి, లుంగీ ఎగగట్టి వీధిలోకి పరుగెత్తాను. "నా పేరు చెప్పింది! నా పేరు చెప్పింది!" ఎదురింటామె చాట పక్కన పెట్టి వచ్చి ఏడ్చింది. ఆ రోజు నా పేరు తుంగభద్ర అవతలి ఒడ్డుకు కూడా వినబడి ఉంటుంది. అలంపూర్ గుళ్లలో పావురాలు లేచి ఉంటాయి. ఏళ్ల తరబడి నేను ఎన్ని ఎత్తులు వేసినా గెలవని పందెం.

లోపలికొచ్చి, రొప్పుతూ, గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని అడిగాను. "ఇదేంది?"

నా పేరు.

దువ్వెన. నా పేరు. కిటికీ. నా పేరు. ఆమెకు దాహం వేసింది, నీళ్ల వైపు చేయి చాచింది, అడగబోయింది. నా పేరు.

గరిటె పోయి ఆ చోట్లో నేను కూర్చున్నాను. అంతే జరిగింది. ఉన్న మాటలన్నీ కొట్టుకుపోగా ఒడ్డున ఒకటే మిగిలింది. ఆమె దేన్ని పిలవబోయినా అదే నోట్లోకి వస్తోంది.

నేను ఇంకా ఆ దుఃఖంలో ఉండగానే ఆమె ముఖం చూశాను. ఆమెకు తను ఏం పలుకుతోందో వినబడుతోంది. ఎడమచేతిని నోటి మీద గట్టిగా అదుముకుంది. కళ్లు పెద్దవైపోయాయి. పలికిన ప్రతిసారీ నా బతుకులోంచి ఒక ముక్క తెగి పడుతోందని ఆ కళ్లు నాతో చెప్పాయి. ఒక గ్లాసు నీళ్లకు మొగుడి ఆయుష్షులో కొంత.

ఆ రోజు నుంచి ఆమె మాట్లాడటం మానేసింది.

నేను చేయని విద్య లేదు. "నా ఆయుష్షు నీకు తెలీదమ్మే, ఆ తాత కొన్న గుర్రం మాదిరి, తరిగినా తరగదు" అన్నాను. "పూజారి చెప్పినాడు, ఇప్పుడు రూలు మారిందంట, పేరు పిలిస్తే పెరుగుతాదంట" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఉందే, మేత తింటోందా అని అడిగినప్పుడు బద్వేలు పెద్దాయన చూసిన చూపే. ఎదురింటామె కూడా వచ్చి మంచం పక్కన కూర్చుని, "నేను మా ఆయన పేరు పెట్టి దినాం తిడ్తాండా గదమ్మే, దున్నపోతు మాదిరి ఉండాడు చూడు" అని చెప్పింది. మా ఆవిడ నోటి మీది చేయి తీయలేదు. దాహమేసినా అడగదు. నేనే గంటగంటకూ గ్లాసు పట్టుకుని పోవాలి. డాక్టరమ్మ నాతో వేరుగా చెప్పింది: మాట వాడకపోతే దారి పూర్తిగా మూసుకుపోతుంది, ఏదో ఒక మాట, తప్పైనా సరే, పలికించండి. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. ఆమె ఏదో ఒకటి అనాలి. ఆమె అనదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తెర మీద సగం నడిచిన నా సిమ్యులేషన్ ఆరిపోయింది. ఏం చేయాలో తోచక కంప్యూటర్ మీదున్న దిక్కులేని గుర్రాన్ని తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. దసరా కుంకుమ ఇంకా దాని సందుల్లో ఉంది. దాన్ని ఎత్తి పట్టుకున్నాను.

"ఇదేంది?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నోటి మీద చేయి తియ్యి. ఒగసారి చూడు. ఇదేంది?"

చూసింది. చేయి చాచి తీసుకుంది. కళ్లు మూసుకుని చదరపు రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తిప్పింది. నేను వేలెత్తాను. మౌనం. ఆగిన ఫ్యాను మీద ఈగ వాలింది, లేచింది. ఆమె కళ్లు తెరిచి గుర్రాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ గుర్రాన్ని చూసింది. కదిలే వైపు పెదవి కొంచెం పైకి లేచింది. ఆ తలుపు వెనకటి నవ్వు, సగం.

నా పేరు చెప్పింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోలేదు.

ఎందుకంటే అది తప్పు కాదు. ఆమె పిలిచింది మొగుణ్ణి కాదు, ఇనుప ముక్కను. నేను ఎడమ గుర్రాన్నైతే, ఆ ముక్క పేరు మా ఇంట్లో అదే కదా. ఆమె చేసిన పరాచికమే, తిరగేసి ఆమె దగ్గరికే వచ్చింది. నేను మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఆమె గుర్రంతో నా మోకాలి మీద తట్టింది. టక్. ఎత్తి పెడితే నిలబడడు అని దాని అర్థం. నాకు తర్జుమా అక్కర్లేదు.

తర్వాత ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుంది. నీళ్లు కావాలంటే మంచం పట్టీ మీద టక్. నేను కావాలంటే టక్ టక్. రోజుకు ఒక్కసారి, సాయంత్రం, నేను అడిగితే, దాన్ని చేతిలో పట్టుకుని దాని పేరు చెప్పేది. అంత మాత్రమే. వేరే మాట రాలేదు. వస్తుందని నేను కడప కాలేజీకి సెలవు పొడిగిస్తూ పోయాను. మరుసటి వేసవిలో రెండోసారి వచ్చిన దెబ్బకు ఆమె పోయింది. దానికి ముందు సాయంత్రం కూడా చెప్పింది. చెప్పి, గుర్రాన్ని నా చేతిలో పెట్టింది.

అంగడి మూసేశాను. తుపాకులు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను, లైసెన్సు ఆఫీసులో అప్పగించాను. కంప్యూటర్ మీద గుర్రాన్ని ఉంచాను. ఇప్పుడు సిమ్యులేషన్లో మౌనం ఎంత పెట్టాలో నాకు సరిగ్గా కుదరదు. ఎక్కువ పెట్టేస్తున్నాను.

కొన్నాళ్లకు బద్వేలు పెద్దాయన వచ్చాడు. గుమ్మంలోంచే, "సారూ, పాపకు నయమైంటాది గదా అని వచ్చినా. మా వియ్యంకుని ఇంట్లో అటక మీద ఒగ ముక్క దొరికింది, పాప అయితే చెప్తాది" అంటూ లోపలికి అడుగుపెట్టి, గోడ మీది దండ వేసిన ఫొటో చూసి ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. వెంటనే తిరిగి పోవడానికి మొహమాటపడ్డాడు కాబోలు, మూట విప్పి, తుప్పుతో ఆనవాలు లేని ముద్దను నా చేతిలో పెట్టాడు.

"పోనీ మీరు చూడండి సార్. ఇదేంది?"

కళ్లు మూసుకున్నాను. తుప్పు రాలుస్తూ తడిమాను. అడుగున చదరంగా రంధ్రం తగిలింది. చిటికెనవేలు పెట్టి తిప్పాను. ఎడమకు ఒరిగి ఉంది.

నా పేరు చెప్పాను.

"మీ పేరు నాకు తెల్సు గదా సార్" అన్నాడు ఆయన మెల్లగా. "నేనడిగేది దీని పేరు."

"అదే" అన్నాను.